రెండు లైన్లకు కుదించిన ప్రశ్న

"కొత్తగా చేరిన పిల్లలకి పనికొచ్చేవి నాలుగు మాటలు రాసివ్వండి మేడమ్" అని ఈ మధ్య మా పాత రేడియో కేంద్రం నుంచి ఫోను వచ్చింది. నాలుగు మాటలంటే వాళ్ళ ఉద్దేశం మైకుకి ఎంత దూరంలో కూర్చోవాలి, మాట మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలి లాంటివి. అవి నాకంటే మీకే బాగా తెలుసు. నాకు రాయాలనిపించేది ఒక్కటే ఉంది. అది నా ఘనకార్యం కాదు. చదువుతారో, పక్కన పడేస్తారో మీ ఇష్టం. నాకిప్పుడు ఎవరితోనూ వాదించే ఓపిక లేదు. రెండేళ్ళ కిందట ఉద్యోగం దిగిపోయినప్పటి నుంచీ మధ్యాహ్నం అన్నం తిన్నాక కుర్చీలోంచి లేవడమే నాకు పెద్ద పని.

మాది విజయనగరం వైపు. అరకు కొండల మీదికి రాకముందు ఒక ప్రైవేటు బడిలో తెలుగు పంతులమ్మని. ఆ బడి మూతపడ్డాక, ఒక స్వచ్ఛంద సంస్థ లోయలో పెట్టిన చిన్న రేడియో కేంద్రంలో చేరాను. నాకు అప్పగించింది ప్రశ్నల కార్యక్రమం. జనం ఏదైనా అడగొచ్చు. సైన్సు, చరిత్ర, యంత్రాలు, చట్టం, ఏదైనా. మేం ఆ ప్రశ్నని దాని సంగతి తెలిసిన నిపుణుడికి చేరవేసి, ఆయన జవాబు ఫోనులో రికార్డు చేసి శనివారం సాయంత్రం వినిపిస్తాం. వినడానికి సుఖంగా ఉంది కదా. నేనూ అలాగే అనుకున్నాను.

ప్రశ్నలు వచ్చేది సంతలో. పసుపు, పిప్పళ్ళు, చీపుర్లు అమ్ముకోవడానికి కొండలు దిగి వచ్చినవాళ్ళ మధ్య ఒక బల్ల వేసుకుని కూర్చునేవాళ్ళం. నేనూ, మా అనౌన్సరూ. అనౌన్సరు ఆ కొండల పిల్లే, ముప్పై ఏళ్ళుంటాయి. ఆదివాసీ ఒడియా, తెలుగు రెండూ ఆమెకి పుట్టుకతో వచ్చినవే. వచ్చినవాళ్ళతో వాళ్ళ మాటలో మాట్లాడి, అడిగింది అడిగినట్టు ఒక కార్డు మీద తెలుగులో రాసేది. ఆ కార్డుని సాపు చేసి, నిపుణుడికి పంపడానికి తగినట్టు తయారుచేయడం నా వంతు.

ఎలాంటి ప్రశ్నలు వచ్చేవో చెబితే మీరు నమ్మరు. సీలేరు నుంచి వచ్చిన ఒకాయన, "నీళ్ళలోంచి కరెంటు లాగీసినాక ఆ నీళ్ళలో ఇంక సత్తువేటి ఉంటాది, మడికి పెడితే పంట తగ్గిపోదా" అని అడిగాడు. ఆ ప్రశ్నకి ఇంజినీరు గారు నవ్వాడు గానీ, నీళ్ళ బరువూ వేగమే చక్రాన్ని తిప్పుతాయనీ, చేనుకి కావలసింది ఎక్కడికీ పోదనీ చెప్పడానికి ఆయనకి పావుగంట పట్టింది. ఇంకో ముసలాయన, చంద్రుడి మీద దిగినవాళ్ళు ముందుగా ఏ ఊరి పెద్దని అడిగి దిగారని అడిగాడు. ఆ కార్డు నేను చట్టం తెలిసిన వకీలుకి పంపాను. చంద్రుణ్ణి ఏ దేశమూ తనదనకూడదని దేశాలన్నీ ఒప్పందం రాసుకున్నాయని ఆయన చెప్పాడు. ముసలాయన విని, "మరి మా కొండకి కూడా అలాగే రాయించలేకపోనారా" అన్నాడట. ఆ మాట మేం ప్రసారం చేయలేదు.

మా మేనేజరు గారిది ఒక నియమం ఉండేది. ప్రశ్న రెండు లైన్లు మించకూడదు. వినేవాళ్ళందరికీ పనికిరావాలి గానీ, ఒకరి ఇంటి గోల కాకూడదు. నిజం చెప్పాలంటే ఆ నియమం ఆయన నోట వచ్చినా, తయారుచేసింది నేనే. కార్డు మీద ఊరి కబుర్లూ, అత్తాకోడళ్ళ మాటలూ, వాన ఎప్పుడు పడిందో, మేక ఎప్పుడు ఈనిందో అన్నీ ఉండేవి. ఎర్ర పెన్నుతో అవన్నీ కొట్టేసి, అసలు ప్రశ్నని బయటికి లాగి, శుభ్రమైన తెలుగులో పెట్టేదాన్ని. నిపుణులు మెచ్చుకునేవారు. "మీ ప్రశ్నలు పరీక్ష పేపర్లా ఉంటాయమ్మా" అని ఒకాయన అంటే నేను నెల రోజులు పొంగిపోయాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నాకైతే అడిగేవాడు కూడా లోకువగానే ఉండేవాడు.

ఆ ఏడాది వానలు ముందే పట్టుకున్నాయి. ఇక్కడివాళ్ళు ఎండాకాలంలో మామిడి టెంకలు ఏరి, ఎండబెట్టి, పొయ్యి మీద కట్టిన అటక మీద దాస్తారు. కింద నుంచి పొగ తగులుతూ ఉంటే అవి చెడవు. వానాకాలంలో, సోడి అంటే రాగి పంట కోతకి రాకముందు, ఇంట్లో గింజలు తరిగిపోయినప్పుడు, ఆ టెంకలు పగలగొట్టి, లోపలి పప్పు దంచి, గుడ్డలో కట్టి, పారే గెడ్డలో, అదే కొండవాగులో, చేదు పోయేదాకా నానబెడతారు. అప్పుడు దానితో అంబలి కాచుకుంటారు. కోటా బియ్యం వస్తాయి, కాదనను. అవి నెలంతా రావు.

ముసురు పట్టిన ఒక సంత రోజున మా బల్ల దగ్గరికి ఒక కోడలు పిల్ల వచ్చింది. టైడా దాటి, రోడ్డు దిగాక గంటసేపు నడవాల్సిన ఊరు ఆమెది. నెత్తి మీద గోనె సంచి కొంగులా వేసుకుని, మా అనౌన్సరుతో చాలాసేపు మాట్లాడింది. నేను ఆ పక్కనే టీ తాగుతూ, ఇంత పొడుగు మాటలో ప్రశ్న ఎక్కడుందా అనుకున్నాను. మా అనౌన్సరు రాసిన కార్డు ఇది. ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. గుంట అంటే ఇక్కడ చిన్నపిల్ల.

"ఈ ఏడు ముందే వాన పట్టీసినాది. టెంకలు సరిగ్గా ఎండనేదు. అటక మీద ఏసినాం గానీ పొగ సాలనేదు. పగలగొట్టి సూత్తే లోపల నల్లగా ఉంది, బూజు వాసనొత్తంది. మా అత్త పారబొయ్యమంటంది. పారబోత్తే సోడి కోతల దాకా ఏటి తినాల. మామూలుగా ఒక రోజు కడుగుతాం. మూడు రోజులు గెడ్డలో కడిగితే ఆ నలుపు పోద్దా. పోతే అంబలి కాసి గుంటకి పొయ్యొచ్చా. అత్తకీ నాకూ మాట కుదరక మిమ్మల్ని అడుగుతన్నాను."

కేంద్రానికి వచ్చి ఎర్ర పెన్ను తీశాను. వానా, అటకా, అత్తా, గుంటా అన్నీ కొట్టేశాను. చివరికి మిగిలింది ఇది: "మామిడి టెంకల అంబలి ఆరోగ్యానికి మంచిదేనా? అందులో ఉండే పోషకాలు ఏమిటి?"

మా అనౌన్సరు చదివి చూసింది. "ఏటి మేడమ్, నలుపు మాటే నేదు ఇందులో."

"అది వాళ్ళింటి సంగతమ్మా. మనం అందరికీ పనికొచ్చేది అడగాలి కదా" అన్నాను.

"ఆవిడ అడిగినాదే అది."

"ప్రొఫెసర్ గారు పెద్దాయన. టెంకల గురించి అడిగితే ఆ సంగతులన్నీ ఆయనే చెబుతారు."

ఆమె నా కంటే చిన్నది, పైగా జీతం కూడా చిన్నది. ఆ రెండూ కలిస్తే మనిషి ఎంతవరకు వాదిస్తుందో అంతవరకే వాదించింది. నేను దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను.

పోషకాహారం బోధించి రిటైరైన ప్రొఫెసర్ గారు చాలా చక్కగా చెప్పారు. టెంక పప్పులో పిండి పదార్థం, కొవ్వు, మాంసకృత్తులు ఉంటాయని చెప్పారు. పారేసే వస్తువుని ఆహారంగా మార్చుకున్న కొండవాళ్ళ తెలివిని మెచ్చుకున్నారు. "శుభ్రంగా కడిగి, బాగా ఉడికించుకుంటే ఇది బలమైన ఆహారం, పిల్లలకి కూడా పెట్టవచ్చు" అని ముగించారు. వింటుంటే నాకే అంబలి తాగాలనిపించింది. శనివారం సాయంత్రం, ఎప్పటిలాగే, ఫలానా ఊరి నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న అంటూ ఊరి పేరుతో సహా ప్రసారం చేశాం. ఎవరి జవాబు వాళ్ళు గుర్తుపట్టాలని ఊరి పేరు చదవడం మా ఆనవాయితీ. ఆమె గుర్తుపట్టింది. కడిగితే పోద్దా అని అడిగింది, కడిగి తాగమని రేడియో చెప్పింది.

తరవాతి వారంలో ఒక ఉదయం మా అనౌన్సరు గొడుగు మూయకుండానే ఆఫీసులోకి వచ్చింది. ఆ ఇంట్లో అత్తా, కోడలూ, చిన్న గుంటా ముగ్గురికీ వాంతులు, విరేచనాలు పట్టుకుంటే డోలీ కట్టి రోడ్డు దాకా మోశారని చెప్పింది. ముందు అత్తని తీసుకొచ్చారు. రోడ్డు కనబడుతుండగానే డోలీలో ఆమె ప్రాణం పోయింది. కోడలూ గుంటా ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టరు టెంకల అంబలి అన్నాడట.

నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. మా అనౌన్సరు నన్నేమైనా అంటుందేమోనని ఎదురుచూశాను. ఆమె గొడుగు మూసి, మూల పెట్టి, స్టూడియోలోకి వెళ్ళి ఆ రోజు వాతావరణం చదివింది. అంతకంటే నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

ప్రొఫెసర్ గారికి ఫోను చేశాను. జరిగిందీ, నేను కొట్టేసిందీ చెప్పాను.

"మీరు నన్ను బూజు గురించి అడగలేదమ్మా" అన్నారు.

"అడగలేదండీ."

"ఆ బూజు విషం కడిగినా పోదు, ఉడికించినా పూర్తిగా పోదు. అడిగి ఉంటే ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి, పారబొయ్యమని."

ఆ ముక్క కార్డు మీద ఉంది. అత్త పారబొయ్యమంటంది అని. నేను కొట్టేసిన వాక్యాల్లో అదొకటి. అన్నేళ్ళు చదివినాయన, ఏమీ చదవని ఆ ముసలామె ఒకే జవాబు చెప్పారు. ఇద్దరి మధ్యా కూర్చుని ఆ జవాబు చేరకుండా చేసింది నేను.

మేనేజరు గారు తలుపు వేయించి మాట్లాడారు. మంచివాడే. ముగ్గురికి జీతాలు ఇవ్వడం కోసం ప్రతి ఏడూ ఎక్కడెక్కడో కాళ్ళావేళ్ళా పడి వచ్చేవాడు. "మనల్ని ఎవరూ అడగలేదు మేడమ్. మనంతట మనం తప్పు మాదే అంటే రేపు ఈ గదికి తాళం పడుతుంది. జాగ్రత్తలు చెప్పి ఒక ప్రకటన వేద్దాం. దానితో ఇంకో ఇంట్లో ఇలా కాకుండా ఉంటుంది కదా" అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఆయన బలవంతపెట్టారని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. ఆయన వాక్యం పూర్తి చేయకముందే నేను తల ఊపాను. నా ఉద్యోగం నాకు కావాలి. పైగా తాళం పడితే ఈ కొండల్లో ఇంకెవరు జవాబులు చెబుతారు అని నాకు నేనే ఒక గొప్ప కారణం కూడా వెతికి పెట్టుకున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నల్లబడిన, బూజు పట్టిన టెంకలను ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దని ప్రొఫెసర్ గారి గొంతుతోనే చెప్పించి, వారం పాటు రోజుకి మూడుసార్లు వేశాం. చాలామంది విన్నారు. రెండు మూడు ఊళ్ళలో టెంకలు పారబోశారని తెలిసి కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

దినకర్మకి ఆ ఊరు వెళ్ళిన మా అనౌన్సరు గురువారం తిరిగి వచ్చింది. నా ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. మామూలుగా ఆమె నా ముందు కూర్చోదు.

"ఆ కోడలితోటి ఊళ్ళో ఎవులూ మాటాడ్డం నేదు మేడమ్" అంది. "రేడియో వద్దని అన్నిసార్లు సెప్పినా ఇననేదంట. నల్ల టెంకలని తెలిసే అత్తకి పోసీసినాదంటన్నారు."

"మన ప్రకటన వచ్చింది ఆ తరవాత కదా. ఆవిడ చనిపోయిన తరవాత."

"ఏది ముందొచ్చినాదో, ఏది ఎనకొచ్చినాదో ఎవులికి గురుతుంటాది. మొదట సెప్పినాది ఒక్కసారి సెప్పినాం. ఇది రోజుకి మూడుసార్లు సెప్పినాం."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆపింది.

"మొగుడు ఇటికల బట్టీ పనికాడి నుంచి వచ్చినాడు. ఆదివారం పెద్దలు కూసుంటారంట. ఆవిణ్ణి కన్నోరింటికి పంపీసి, గుంటని ఇక్కడే ఉంచీమంటన్నారు. నాను రేడియోని అడిగినాను, రేడియో తాగమన్నాదని ఆవిడ మొత్తుకుంటంది. అడిగితే నీ నలుపు మాట ఏదీ, మేం ఇన్నేదే అంటన్నారు ఆళ్ళు."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో బడిలో చాలామంది పిల్లలకి చెప్పాను. నాకు అర్థమైంది మాత్రం ఆ గురువారమే. నా మొదటి తప్పు ఆమె అత్తని తీసుకుపోయింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి నేను వేసిన ప్రకటన ఇప్పుడు ఆమె బిడ్డని తీసుకుపోతోంది. తప్పు చేసినవాళ్ళు హాయిగా కుర్చీల్లో కూర్చున్నారు.

శుక్రవారం పాత కార్డుల కట్టలు విప్పి వెతికాను. దొరక్కపోతే బాగుండునని లోపల ఒక ఆశ ఉండేది. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. కార్డు లేదంటే ఇంక చేయగలిగింది ఏమీ లేదని చెప్పుకుని ఇంటికి పోయేదాన్ని. దొరికింది. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా నా ఎర్ర గీతలు. ఒక్క గీత కూడా వంకర లేదు.

శనివారం మేనేజరు గారు మీటింగుకి విశాఖపట్నం వెళ్ళారు. ఆయన ఊళ్ళో ఉంటే నేను ఆ పని చేసి ఉండేదాన్నో లేదో నాకు తెలియదు. మా టెక్నీషియన్, నాకంటే రెండేళ్ళు పెద్దవాడు, రేడియో పెట్టెలో పుట్టాడా అనిపించే మనిషి. అతనితో, ఈ వారం రికార్డు చేసినది పక్కన పెట్టు, నేను లైవులో మాట్లాడతాను అని చెప్పాను. అతను నా మొహం చూశాడు.

"ఎలాగమ్మా, తరవాత నన్ను అడిగితే మీరు సెయ్యమన్నారని సెప్పేత్తాను."

"చెప్పు."

"ఉజ్జోగం పోద్ది."

"నీది పోదులే."

"నాది కాదు, మీదే అంటన్నాను" అని మీట నొక్కాడు.

పదకొండేళ్ళుగా ఆ మైకు ముందు కూర్చున్నదాన్ని, ఆ రోజు ముందు నీళ్ళు తాగి, కార్డు మా అనౌన్సరు చేతికిచ్చాను. తరవాత చెప్పాను. ఫలానా ఊరి సోదరి మమ్మల్ని అడిగిన ప్రశ్న మేం పూర్తిగా చదవలేదు. టెంకలు నల్లబడ్డాయని ఆమె చెప్పింది. కడిగితే పోతుందా అని అడిగింది. ఆ మాటలు కొట్టేసింది నేను. నిపుణుడికి ఆ మాటలు చేరలేదు. కడిగి తాగమని మా రేడియో చెప్పాకే ఆమె అంబలి కాచింది. తాగవద్దని మేం చెప్పింది ఆమె అత్తగారు పోయిన తరవాత. ఇప్పుడు ఆమె ప్రశ్న ఆమె మాటల్లో వినండి. అంతే చెప్పాను. పక్కన కూర్చున్న మా అనౌన్సరు ఆ కార్డు మొత్తం మొదట ఆదివాసీ ఒడియాలో, తరవాత తెలుగులో చదివింది. చదవడం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అంత చిన్న సంగతికి మా దగ్గర చోటు లేకపోయింది.

ఆదివారం పెద్దలు కూర్చున్నారు. ఎవరో ఫోనులో మా మాటలు రికార్డు చేసి ఉంచితే మళ్ళీ పెట్టించుకుని విన్నారట. కోడలు తన ఇంట్లోనే, తన గుంటతోనే ఉండాలని చెప్పారు. రేడియోకి మాత్రం తప్పు వేశారు. తప్పు వేయడమంటే ఇక్కడ జరిమానా. ఒక మేక, ఊరందరికీ ఒక పూట అన్నానికి సరిపడా బియ్యం. రేడియో తరఫున మనిషి స్వయంగా వచ్చి కట్టాలి.

మేనేజరు గారు సోమవారం వచ్చారు. కేకలు వేయలేదు. తల పట్టుకుని, "మేకని ఏ పద్దు కింద రాయమంటారు మేడమ్" అని మాత్రం అడిగారు. నేనే కొన్నాను. మేక తాడు మా అనౌన్సరు పట్టుకుంది, బియ్యం మూటలు ఆ ఊరివాళ్ళే ఇద్దరు వచ్చి మోశారు. నేను ఖాళీ చేతులతో నడిచి కూడా మూడు చోట్ల కూర్చున్నాను. అదే దారిలో కిందికి డోలీ మోసుకొచ్చారు కదా అని ప్రతి మలుపులోనూ అనిపించింది.

అక్కడ ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నేల మీద కూర్చోబెట్టి విస్తరి వేశారు. అందరితో పాటు నేనూ తినాలట. తినడం అయ్యాక ఆ ఊరి పెద్ద లేచి, "తప్పు కట్టీసినారు. అయిపోనాది. ఇంక ఈ మాట ఎవులూ ఎత్తకూడదు" అన్నాడు. మన కోర్టుల్లో కేసులు ఎన్నేళ్ళు నడుస్తాయో వకీలు గారి చేత చాలాసార్లు చెప్పించాను. ఇక్కడ ఒక పూట భోజనంతో ముగిసింది. అయితే ముగిసింది ఊరికి. నాకు కాదు.

విస్తళ్ళు తీస్తుండగా ఆ కోడలు వచ్చి నా పక్కన కూర్చుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక చిక్కిపోయింది. మా అనౌన్సరు సాయం లేకుండా తెలుగులోనే మాట్లాడింది.

"రేడియోలో ఇన్నాక మా అత్త ఇంకేటీ అననేదు మేడమ్. సదువుకున్నోళ్ళు సెప్పినారు, నాకేటి తెల్సు అన్నాది. కొత్త అంబలి కాసినప్పుడు ఇంట్లో పెద్దోళ్ళే ముందుగాల తాగాల, అది మా పద్దతి. నిండా రెండు దొప్పలు తాగినాది. నాకూ గుంటకీ కొంచెమే మిగిలినాది."

నేను తల దించుకున్నాను. క్షమించమని అడగడానికి నా దగ్గర ఉన్న శుభ్రమైన తెలుగులో ఒక్క మాట కూడా పనికిరాలేదు.

"ఒకటి సెప్తాను, రాసుకుంటారా" అంది. కార్డులు తీసుకెళ్ళలేదు. చేతిసంచిలో ఉన్న మందుల చీటీ వెనక రాసుకున్నాను. "పారబొయ్యమని రేడియోలో ఆ పెద్దసారు సెప్పినట్టు వచ్చినాది. ఆ మాట ముందుగాల సెప్పినాది మా అత్త. ఆమె సెప్పిందంతా సెప్తాను. అది మా అత్త సెప్పినాదని రేడియోలో సెప్పండి." చెబుతానని మాటిచ్చాను.

ఉద్యోగం పోలేదు గానీ, మైకు పోయింది. నన్ను రికార్డులు సర్దే గదిలో కూర్చోబెట్టారు. కార్యక్రమం చూడడానికి వచ్చిన కొత్తాయన ఆ చీటీ చదివి, "బాగుంది మేడమ్, కానీ జవాబు చెప్పేవాళ్ళకి ఒక అర్హత ఉండాలి కదా. నిపుణుల పేరు, చదువు లేకుండా వేయకూడదని నియమం ఉంది" అన్నాడు. ఆ నియమం కూడా నేను తయారుచేసిందే. అతనితో ఒకసారి వాదించాను, రెండోసారి అడిగాను, మూడోసారి ఊరుకున్నాను. అలిసిపోయానని చెప్పుకున్నాను. మనిషి అలిసిపోవడం నిజమే, అదొక మంచి సాకు కావడం కూడా నిజమే. దిగిపోయే రోజు నాకు శాలువా కప్పారు, చీటీ నా సంచిలోనే ఉండిపోయింది.

మా అనౌన్సరు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. ఆ కోడలు ప్రతి శనివారం రేడియో పెడుతుందట. సంతలో కనబడినప్పుడల్లా, "మా అత్త మాట ఎప్పుడొత్తాది" అని అడుగుతుందట. ఈ వారమో, పై వారమో అని మా అనౌన్సరు చెబుతూ వస్తోంది.

ఇప్పుడు మీరు ఏ సందేహం వచ్చినా ఫోనుని అడుగుతారు, అది టక్కున చెప్పేస్తుంది. నిపుణులకి మీకు కరువు లేదు. వాళ్ళ గురించి నేను కొత్తగా చెప్పేది లేదు. మైకు మీ చేతికి వచ్చింది కాబట్టి ఒక్క సాయం చేయండి. మందుల చీటీ వెనక రాసుకున్నది కింద ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను, ఒక్క ముక్క కూడా తగ్గించలేదు. ఒక శనివారం సాయంత్రం, ఊరి పేరు చెప్పి, ఆ ఇంటి అత్తగారు ఇచ్చిన జవాబు అని చెప్పి, ఇది చదవండి.

"నల్లబడిన టెంక ఎంత కడిగినా నల్లటెంకే. గెడ్డలో పారబొయ్యకు, కింద గొడ్లు తాగుతాయి. గొయ్యి తీసి కప్పెట్టీ. ఏటి తింటామని ఏడవకు. కోటా బియ్యంలో నా వంతు కూడా నువ్వూ గుంటా తినండి. సోడి కోతల దాకా నాను గంజి తాగి ఉండగల్ను. ముసలిదాన్ని, నాకెంత కావాల."